భీమవరం నుంచి మన మందుల డబ్బా దాకా: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

కడుపుతో ఉన్న ఆడపిల్లకు డాక్టరు మొదటి నెలల్లోనే రాసిచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర. సోరియాసిస్‌తో బాధపడే పెద్దాయన వారంలో ఒక్కరోజు మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఎదుటే మింగించే డీఈసీ. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులకు వాడేవి. కానీ మూడూ ఒకే పరిశోధనశాలలో, ఒకే మనిషి ఆధ్వర్యంలో తయారయ్యాయి. ఆ మనిషి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

బెంగళూరులో తరాలుగా ఉంటున్న మన ఇళ్లలో పిల్లలు జీవశాస్త్రాన్ని ఇంగ్లీషులోనో కన్నడంలోనో చదువుకుంటారు. కణానికి శక్తినిచ్చేది ఏటీపీ అని హైస్కూలు పిల్లలు కూడా టక్కున చెబుతారు. ఆ మూడక్షరాల వెనుక ఒక తెలుగు పేరుందని మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు చెబితే తప్ప వాళ్లకు తెలిసే దారి తక్కువ. అందుకే ఆయన జీవితాన్నీ, ఆయన పట్టి చూసిన శరీర రహస్యాలనూ కలిపి ఇక్కడ చెప్పదలిచాం.

మూడోసారి గట్టెక్కిన పరీక్ష

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. అప్పటికి భీమవరం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రికి ఆరోగ్యం చెడి ఉద్యోగం ముందుగానే మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది.

చదువులో ఆయన చురుకైన పిల్లవాడేమీ కాదు. 13 ఏళ్ల వయసులో, కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిస్తానని ఇల్లు వదిలి పారిపోయాడని, తల్లి వెతికించి వెనక్కి రప్పించిందని ఆయన జీవితం రాసినవాళ్లంతా చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో ఉండి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ.

ఆ వయసులో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. సేవే చేయాలనుకుంటే వైద్యం చదివి చేయమని అందరూ నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు సాయపడింది కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి. 1919లో ఆయన కుమార్తె శేషగిరితో పెళ్లి అయింది.

అవి గాంధీజీ పిలుపు మేరకు విదేశీ బట్టలు వదిలేస్తున్న రోజులు. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు గౌను వేసుకుని వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షల్లో బాగా రాసినా ఆయనకు పూర్తి ఎంబీబీఎస్ దక్కలేదు, దానికంటే ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఆ పట్టాతో మద్రాసు వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణం చెప్పే అధ్యాపకుడిగా చేరారు.

ఇంట్లో రెండు చావులు

1921లో ఆ ఇంటి మీద పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాతో ఒకే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బు పేరు ట్రాపికల్ స్ప్రూ. మన ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పేదానికి దగ్గరిది. నెలల తరబడి విరేచనాలు, నాలుక పుండు పడటం, ఎంత తిన్నా ఒంటికి పట్టకపోవడం, చివరకు రక్తం తగ్గి మనిషి ఎండిపోవడం. అప్పటి వైద్యానికి దాని కారణమూ తెలియదు, మందూ తెలియదు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో ఆయన కోలుకున్నారు.

ఈ రోజు మనకు తెలిసినదాన్ని బట్టి స్ప్రూలో జరిగేది ఇదీ. మన చిన్నపేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. పాత కణాలు రాలిపోతుంటే అడుగునుంచి కొత్తవి పుడుతుంటాయి. కొత్త కణం పుట్టాలంటే ఫోలేట్ అనే విటమిన్ కావాలి. పేగులో సూక్ష్మజీవులు అతిగా పెరిగి పొర దెబ్బతింటే ఆ విటమిన్‌ను పీల్చుకునే శక్తి పోతుంది. విటమిన్ లేక పొర తిరిగి పెరగదు. పొర పెరగక విటమిన్ ఇంకా తగ్గుతుంది. ఈ సుడిలో పడ్డ మనిషి బయటికి రావడం కష్టం. ఇందులో ఒక్క ముక్క కూడా 1921లో ఎవరికీ తెలియదు.

అదే 1921లో మన బెంగళూరులో, పాతవాళ్లు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో బయోకెమిస్ట్రీ విభాగం మొదలైంది. ప్రాణమున్న శరీరంలో జరిగే రసాయన చర్యలను పట్టి చూసే ఈ శాస్త్రం అప్పటికి మన దేశానికి కొత్త. సుబ్బారావు మాత్రం ఆ శాస్త్రాన్ని వెతుక్కుంటూ సముద్రం దాటారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తానంది, మిగతాది మామగారు సర్దారు. మూడేళ్లలో తిరిగి వస్తానన్నది ఇంట్లో ఇచ్చిన మాట.

1922 అక్టోబరు 26న ఆయన బోస్టన్‌లో దిగారు. శేషగిరిని మళ్లీ ఎన్నడూ చూడలేదు. వాళ్లకు పుట్టిన కొడుకు తొమ్మిది నెలల పసివాడిగా ఉండగానే ఎరిసిపెలస్ అనే జబ్బుతో పోయాడు. అది చర్మానికి సోకే బ్యాక్టీరియా జబ్బు. ఒళ్లు ఎర్రగా వాచి జ్వరం వస్తుంది. ఈ రోజుల్లో యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. ఆ రోజుల్లో అలాంటి మందు ప్రపంచంలోనే లేదు.

నీలిరంగు చెప్పిన లెక్క

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరారు. చేతిలో డబ్బు లేదు. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి శుభ్రం చేసే పని చేస్తూ చదువుకున్నారు. డిప్లొమా అయ్యాక ఊరికి తిరిగి రాలేదు. అదే హార్వర్డ్‌లో ఆటో ఫోలిన్ నడిపే బయోకెమిస్ట్రీ విభాగంలో, సైరస్ ఫిస్కే అనే ఆచార్యుడి దగ్గర పనికి కుదిరారు.

అక్కడ ఆయనకు అప్పజెప్పింది చూడటానికి చిన్న పని. రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కచ్చితంగా కొలవడం. భాస్వరం మన ఎముకల్లో ఉంటుంది, ప్రతి కణం పొరలోనూ ఉంటుంది, తరతరాల పోలికలు మోసే డీఎన్ఏలోనూ ఉంటుంది. కానీ తక్కువ మోతాదులో ఉన్నప్పుడు దాన్ని త్వరగా, నమ్మకంగా కొలిచే పద్ధతి అప్పటికి సరిగ్గా లేదు. సుబ్బారావు, ఫిస్కే కలిసి ఒక దారి కనిపెట్టారు. నమూనాలో ఆమ్లమూ మాలిబ్డేట్ అనే లవణమూ కలిపి, దానికి ఇంకో రసాయనం చేర్చితే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. రంగును బట్టి లెక్క చెప్పవచ్చు. 1925లో అచ్చయిన ఆ వ్యాసం బయోకెమిస్ట్రీలో అతి ఎక్కువగా వాడుకున్న వ్యాసాల్లో ఒకటి. ఫిస్కే, సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో ఇప్పటికీ కళాశాలల్లో నేర్పుతున్నారు.

కొలిచే సాధనం చేతికొచ్చాక ఆయన దాన్ని కండరం మీద పెట్టారు. కండరం ముడుచుకోవడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నది అప్పటి పెద్ద ప్రశ్న. కండలో నిల్వ ఉన్న చక్కెర లాక్టిక్ ఆమ్లంగా మారడమే దానికి మూలమని పెద్దలు నమ్మేవారు. కండరాల మీద పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి అందుకున్న హిల్, మేయర్‌హాఫ్‌ల మాటే ప్రమాణంగా చెలామణీ అయ్యేది. సుబ్బారావు, ఫిస్కే కండలో భాస్వరంతో ముడిపడిన ఒక కొత్త పదార్థాన్ని పట్టుకున్నారు. కండ పనిచేస్తుంటే అది తరుగుతోంది, విశ్రాంతి ఇస్తే తిరిగి నిండుతోంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. అది 1927లో ప్రకటించారు. 1929లో మరోటి దొరికింది. అదే అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అంటే ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టారు. ఆయన వ్యాసం కొద్ది వారాల ముందు వెలువడింది.

ఏటీపీ చేసే పనేమిటో మన వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. ఇంట్లో బియ్యం బస్తా ఉన్నంత మాత్రాన ఆకలి తీరదు, అన్నం వండితేనే తీరుతుంది. మనం తిన్న ముద్ద, సంగటి, పప్పు, నెయ్యి అన్నీ బియ్యం బస్తా లాంటివి. కణం వాటిని నేరుగా వాడుకోలేదు. వాటిని విడగొట్టి, వచ్చిన శక్తితో ఏటీపీ తయారుచేస్తుంది. గుండె కొట్టుకోవడానికైనా, కన్ను రెప్ప వేయడానికైనా, చర్మం అడుగున కొత్త కణం పుట్టడానికైనా ఖర్చయ్యేది ఏటీపీయే. వండిన అన్నంలాగే అది ఎక్కువసేపు నిల్వ ఉండదు. ఏ క్షణానికి ఆ క్షణం ఒంట్లో ఉండేది చాలా కొద్ది. దాన్నే వాడి, మళ్లీ తయారుచేసి, మళ్లీ వాడుతూ ఉంటుంది శరీరం. ఒక రోజులో అలా తిరిగే ఏటీపీ మొత్తం మన ఒంటి బరువుకు దగ్గరగా ఉంటుందని లెక్క.

పేరు ఎవరికి దక్కింది

1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. వ్యాసాల మీద మొదటి పేరు ఫిస్కేదే. సుబ్బారావుకు తన పని గురించి తాను చెప్పుకునే అలవాటు లేదు, పైగా అమెరికాలో ఆయన పరదేశి. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. చట్టం మారాక కూడా ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

ఆ విభాగంలోనే చదువుకుని, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ ఈ సంగతి బాధపడుతూ చెప్పారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, వాటిని ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని ఆయన మాటల సారాంశం. పరాయి ఊళ్లో పనిచేసి పేరు పోగొట్టుకున్నవాళ్ల కథ మన వలస కుటుంబాలకు కొత్తది కాదు. అయితే ఇక్కడ పోయింది ఒక మనిషి పేరు మాత్రమే కాదు. అందరికీ ఉపయోగపడాల్సిన జ్ఞానం కొన్నేళ్లు ఆగిపోయింది.

1940లో ఆయన హార్వర్డ్ వదిలి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్ అనే ఊళ్లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్ది కాలానికే అక్కడ పరిశోధనకంతటికీ డైరెక్టర్ అయ్యారు. ఇల్లు వదిలినప్పుడు మనసులో ఉన్న ప్రశ్న దగ్గరికి ఆయన తిరిగి రాగలిగింది అక్కడే.

ఆకుకూరలో ఉన్న రహస్యం

ఈ భాగం మన దేశంలోనే మొదలవుతుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరమ్మ బొంబాయి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉన్నప్పుడు రక్తం తగ్గి చనిపోతుండటం ఆమెను కలచివేసింది. మన పక్కనే నీలగిరుల్లో ఉన్న కూనూరు పాశ్చర్ సంస్థలో కూడా ఆమె కొంతకాలం పరిశోధన చేశారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే లేహ్యం లాంటి పదార్థం తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకుంటున్నారని 1931లో ప్రకటించారు. అందులో ఏదో ఉంది, కానీ ఆ ఏదో ఏమిటో తెలియలేదు. 1941లో అమెరికాలో మరికొందరు పాలకూర నుంచి దాన్ని కొద్దిగా వేరుచేసి, లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు.

ఆకుల నుంచి తీస్తే వచ్చేది రవ్వంత. రోగులకు ఇవ్వాలంటే కారఖానాలో తయారుచేయగలగాలి. సుబ్బారావు తన బృందంతో కాలేయం నుంచి, సూక్ష్మజీవుల నుంచి ఆ పదార్థాన్ని శుద్ధిచేసి, దాని నిర్మాణం తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేశారు. ఆ మందును కరీబియన్ దీవుల్లో స్ప్రూతో మంచాన పడ్డవాళ్లకు ఇచ్చారు. మొహాల్లో రక్తం తిరిగి వచ్చింది, నాలుక పుండ్లు మానాయి, తిన్నది ఒంటబట్టింది. అన్నదమ్ములిద్దరూ పోయిన పాతికేళ్లకు వాళ్ల జబ్బుకు మందు దొరికింది.

ఫోలిక్ యాసిడ్ పని ఏమిటి? కణం రెండుగా చీలేముందు తన డీఎన్ఏకు నకలు రాసుకోవాలి. ఆ నకలుకు కావలసిన అక్షరాల్లో ఒకటి తయారవ్వాలంటే ఫోలేట్ తప్పనిసరి. ఎముక మూలుగలో సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణాలు పుడుతుంటాయి. అందుకే ఫోలేట్ తగ్గితే మొదట దెబ్బతినేది రక్తం. కడుపులో బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి 28 రోజుల్లోనే, అంటే తల్లికి తాను కడుపుతో ఉన్నానని తెలిసీ తెలియని రోజుల్లో. ఆ సమయంలో ఫోలేట్ చాలకపోతే వెన్ను సరిగ్గా మూసుకోని బిడ్డ పుట్టే ప్రమాదం పెరుగుతుంది. 1991లో ఇంగ్లండు నుంచి వెలువడిన పెద్ద అధ్యయనం దీన్ని రుజువు చేసింది. అందుకే పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలకు డాక్టర్లు ముందునుంచే ఆ మాత్ర రాస్తారు. ప్రభుత్వం గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని వాంతి వస్తుందనో, బిడ్డ నల్లగా పుడుతుందన్న అపోహతోనో పక్కన పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాంతి వస్తే డాక్టరుకు చెప్పి వేళ మార్చుకోవచ్చు. మాత్ర మానడం మాత్రం మంచిది కాదు.

బెంగళూరు టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఆచార్య ఎన్. అప్పాజీరావు, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ ఫోలేట్‌తో కలిసి పనిచేసే ఎంజైముల మీదే. సుబ్బారావు వెళ్లిన దారి మన ఊళ్లో కూడా సాగిందన్నమాట.

చర్మం దాకా వచ్చిన దారి

ఫోలేట్ లేకపోతే కణం చీలదని తెలిశాక ఇంకో ఆలోచన పుట్టింది. అదుపు తప్పి చీలిపోతున్న కణాలకు ఫోలేట్ అందకుండా చేస్తే? ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని చోట కూర్చుని పని జరగనివ్వని నకిలీ పదార్థాలను లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. తాళంలో ఇరుక్కుపోయి తిరగని తాళంచెవి లాంటివి అవి. వాటిని బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. అప్పటిదాకా ఆ జబ్బుకు చావు తప్ప ఇంకో దారి లేదు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనకపట్టు పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈ రోజు బెంగళూరు కిద్వాయి ఆసుపత్రితో సహా ప్రపంచమంతటా రక్త క్యాన్సర్ పిల్లల చికిత్సలో భాగం.

ఈ కుటుంబం మందులు చర్మానికీ పనికొస్తాయని 1951లో తెలిసింది. చర్మం మన శరీరంలో అన్నిటికంటే పెద్ద అవయవం. నీరు బయటికి పోకుండా, క్రిములు లోపలికి రాకుండా కాపాడుతుంది, చెమటతో వేడిని దించుతుంది, ఎండ తగిలితే విటమిన్ డి తయారుచేస్తుంది. పై పొర అడుగున కణాలు పుట్టి, మెల్లగా పైకి జరిగి, గట్టిపడి, చివరకు మనకు తెలియకుండానే రాలిపోతాయి. మామూలుగా ఈ ప్రయాణానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్‌లో రోగనిరోధక వ్యవస్థ పొరపాటున రెచ్చగొట్టడంతో అదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. కణాలు పండకుండానే పైకొచ్చి, వెండి పొలుసుల్లా పేరుకుపోతాయి. మెథోట్రెక్సేట్ ఆ ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. సోరియాసిస్ ఉన్నవాళ్ల పక్కన కూర్చోవడానికి జంకే బంధువులకు ఈ ఒక్క సంగతి చెప్పినా చాలు.

ఈ మందు వాడే ఇళ్లకు ఒక హెచ్చరిక. సోరియాసిస్‌కూ కీళ్లవాతానికీ మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. మిగతా మాత్రల్లాగే రోజూ అనుకుని వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ వారం వేసుకోవాలో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. గర్భిణులు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు అసలు వాడకూడదు. దీని దుష్ఫలితాలు తగ్గడానికి డాక్టరు మిగతా రోజుల్లో ఇంకో మాత్ర రాస్తారు. అది ఫోలిక్ యాసిడ్. ఒకే చీటీ మీద మందు, దానికి విరుగుడు. రెండూ సుబ్బారావు పరిశోధనశాలవే.

చర్మానికీ ఫోలేట్‌కూ ఇంకో బంధం కూడా ఉందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రక్తంలోని ఫోలేట్‌ను పాడుచేస్తాయి. చర్మంలోని మెలనిన్ అనే రంగు ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఎండ ఎక్కువగా ఉన్న ప్రాంతాల మనుషులకు నల్లటి చర్మం రావడానికి ఫోలేట్‌ను కాపాడుకోవడం ఒక ముఖ్య కారణమని వాళ్ల వాదన. సంబంధాలు చూసేటప్పుడు రంగు తక్కువని పెదవి విరిచే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ రంగు చేసే మేలు తెలిస్తే ఆ మాట అనడానికి కాస్త వెనకాడతాం.

చివరి ఏడాది

బోదకాలు గోదావరి జిల్లాల పాత శాపం. సుబ్బారావు పెరిగిన నేల అది. దోమ కాటుతో ఒంట్లోకి చేరే సన్నటి పురుగులు శోషరస నాళాల్లో తిష్ట వేసి, కాలు వాచి, చర్మం దళసరి అయి, పగుళ్లు బారుతుంది. ఆ పురుగుల మీద పనిచేసే డైఇథైల్ కార్బమజైన్‌ను, అంటే డీఈసీని, ఆయన బృందం 1947లో వెలుగులోకి తెచ్చింది. మన రాష్ట్రంలో కలబురగి, బీదర్, రాయచూరు వంటి జిల్లాల్లో బోదకాలు నిర్మూలన కార్యక్రమంలో పంచుతూ వచ్చింది దీన్నే.

అదే సమయంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్తను సుబ్బారావు బృందంలోకి తీసుకున్నారు. రిటైరైపోయిన 70 ఏళ్ల మనిషిని పిలిచి పనిచ్చారు. దేశం నలుమూలల నుంచి తెప్పించిన మట్టిలో వెతికి వెతికి, బంగారు రంగు పదార్థాన్నిచ్చే ఒక సూక్ష్మజీవిని డగ్గర్ పట్టుకున్నారు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్. పెన్సిలిన్‌కు లొంగని ఎన్నో జబ్బుల మీద పనిచేసింది. 1948 వేసవిలో దాన్ని లోకానికి ప్రకటించారు.

ఆ ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండె ఆగి చనిపోయారు. వయసు 53. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది. ఆయన తిరిగి రాలేదు. మూడేళ్లని చెప్పి వెళ్లిన మనిషి కోసం శేషగిరి 26 ఏళ్లు ఎదురుచూశారు. ఆయన కనిపెట్టిన మందుల లెక్క రాసేటప్పుడు ఆమె ఇచ్చిన ఆ ఏళ్లను కూడా పక్కనే రాయాలని మేము అనుకుంటాం.

ఆయన బతికుండగా చూడనిది ఒకటుంది. తర్వాతి దశాబ్దాల్లో స్ప్రూ మీద ఇంకా పరిశోధన జరిగింది. 1960లలో వేలూరు సీఎంసీ వైద్యులు ఉత్తర ఆర్కాటు పల్లెల్లో ఈ జబ్బును లోతుగా పరిశీలించారు. ఈ రోజు ట్రాపికల్ స్ప్రూకు డాక్టర్లు ఇచ్చే చికిత్స రెండు మందుల జోడీ. ఒకటి ఫోలిక్ యాసిడ్, రెండోది టెట్రాసైక్లిన్. ఒకటి పేగు పొరను తిరిగి పెంచుతుంది, రెండోది సూక్ష్మజీవులను అణుస్తుంది. ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది ఆయన పరిశోధనశాల. టెట్రాసైక్లిన్ కుటుంబం మొదలైందీ అక్కడే. పురుషోత్తం, కృష్ణమూర్తి బతకడానికి కావలసిన రెండూ వాళ్ల సోదరుడి చేతుల మీదుగానే లోకానికి అందాయి, వాళ్లకు మాత్రం అందలేదు.

ఆయన పేరును ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. అంతకుమించి మన ఊళ్లలో ఆయన గుర్తులు తక్కువే.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో బెంగళూరు కాలేజీల్లో మెడిసిన్, బయోకెమిస్ట్రీ చదివే పిల్లలుంటే ఒకసారి వాళ్ల ప్రాక్టికల్ రికార్డు అడిగి చూడండి. భాస్వరం కొలిచే ప్రయోగం దగ్గర ఫిస్కే, సుబ్బారావు అని రెండు పేర్లు ఉంటాయి. ఆ రెండో పేరు ఎవరిదో, ఏ ఊరివాడో తెలుగులో చెప్పండి.